పఠనమున వెనుచూపు: చీనాలిపి పరిశోధనలు, మన అన్వయపద్ధతి

చదువువాని కన్ను పంక్తివెంట ఎడమనుండి కుడికి ఎడతెగక సాగిపోవునని సామాన్యముగా భావింతుము. నడుమ అది వెనుకకు మరలినచో దానిని చదువరి లోపముగా గణింతుము. పిల్లవాడు చదివిన మాటను మరల చూచినచో ఉపాధ్యాయుడు గద్దించుట బడులలో కలదు. శీఘ్రపఠనము నేర్పెదమనువారు చదివిన పంక్తులను అట్టముక్కతో కప్పుకొనుమని చెప్పుటయు కలదు. ప్రాచ్యకళాశాలలలో సైతము, శ్లోకమును ఒక్కమారు పైనుండి క్రిందికి చదివి వెంటనే తాత్పర్యము చెప్పగలవాడే సమర్థుడను అభిప్రాయము మెల్లగా పాదుకొనినది. ఈ అభిప్రాయము సరికాదనియు, వెనుచూపు అర్థగ్రహణమునకు అంగమనియు, దానికి క్రమము నేర్పు అన్వయాభ్యాసమును విడనాడుట మన విద్యార్థులకు నష్టమనియు ప్రతిపాదించుట ఈ వ్యాసమున నా ఉద్దేశ్యము.

ఇందులకు చీనాభాషా పఠనముపై జరిగిన పరిశోధనలను సాక్ష్యముగా గైకొనుచున్నాను. మనకు చీనాలిపితో పనియేమని పాఠకులు శంకింపవచ్చును. చీనాలిపిలో పదమునకును పదమునకును నడుమ ఎడము లేదు. మన తాటాకు గ్రంథములలోను లేదు. అచ్చుపుస్తకములకు అలవడిన ఇంగ్లీషు చదువరికంటె చీనా చదువరియే మన పూర్వుల స్థితికి దగ్గరవాడు.

ముందుగా నేత్రవ్యాపారమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. చదువునపుడు కన్ను జారిపోదు, గంతులు వేయును. ఒకచోట రమారమి పావుసెకను కాలము నిలుచును, పిదప దుమికి మరియొకచోట నిలుచును. 19వ శతాబ్ది చివర పారిసు నగరమున నేత్రవైద్యుడైన ఎమిల్ జవాల్, ఆయన సహచరులు ఈ విషయమును గమనించిరి. అమెరికా పండితుడు ఎడ్మండ్ హ్యూయి 1908లో పఠనశాస్త్రముపై వ్రాసిన గ్రంథముతో ఇది విద్యాశాస్త్రమున ప్రవేశించినది. తరువాత కీత్ రేనర్ (1943–2015) మున్నగువారు యంత్రములతో కంటి కదలికలను కొలిచి దీనినొక శాస్త్రముగా తీర్చిరి. ఈ దుముకుటను ఇంగ్లీషున శాకేడ్ అందురు. వ్యాకరణమున మనకు మండూకప్లుతి పరిచితమే కనుక దీనిని దృక్ప్లుతి యనుట ఉచితముగా తోచుచున్నది. ప్లుతులలో కొన్ని వెనుకకు పోవును. వానినే ఈ వ్యాసమున వెనుచూపు అని వ్యవహరించుచున్నాను. ఇంగ్లీషు చదువుటలో నేర్పరియైన పాఠకునకు సైతము నూటికి పది పదునైదు ప్లుతులు వెనుకకే యుండును. చీనాపఠనమునందును ఈ పరిమాణము రమారమి ఇంతియే. అనగా వెనుచూపు మందబుద్ధుల లక్షణము కాదు, చదువు చక్కగా వచ్చినవారందరియందును కలదు.

వెనుచూపులన్నియు ఒక్క జాతివి కావు. అధికభాగము అక్షరము రెండక్షరముల మేర మాత్రమే జరుగును. కన్ను దుమికి అనుకొన్న చోటికంటె ముందునకు పడినపుడు కొంచెము సర్దుకొనును. దీనితో మనకు పనిలేదు. రెండవ జాతి దీర్ఘమైనది. చదువరి ఒక పదము చేరి, అంతవరకు కూర్చుకొన్న అర్థము పొసగక, ఎచట పొరపడెనో అచటికి మరలును. 1982లో లిన్ ఫ్రేజియర్, కీత్ రేనర్ కలిసి ప్రకటించిన పరిశోధనలో ఈ మరలుట యాదృచ్ఛికము కాదని తేలినది. చదువరి వాక్యారంభమునకు పోయి అంతయు మరల చదువుట లేదు, ఒక్కొక్క మాటే వెనుకకు నడచుటయు లేదు. సందేహము పుట్టిన చోటికే సరిగా పోవుచున్నాడు. నేర్పరులు ఒక్క ప్లుతిలో ఆ చోటు చేరుదురు. చదువు రానివారు తడవుకొందురు. సమర్థునకును అసమర్థునకును భేదము వెనుకకు చూచుటలో లేదు, ఎచటికి చూడవలెనో తెలియుటలో కలదు. నా ప్రతిపాదనకు ఇదియే ఆయువుపట్టు.

ఇక చీనాలిపి సంగతి. అందలి ప్రతి అక్షరమును ఒకే కొలతగల చతురస్రమున ఇముడును. పదములు కొన్ని ఏకాక్షరములు, పెక్కు ద్వ్యక్షరములు, కొన్ని అంతకు మించినవి. పదము ఎచట ముగిసినదో లిపి చెప్పదు, చదువరియే నిర్ణయించుకొనవలెను. ప్రసిద్ధమైన ఉదాహరణమొకటి చూడుడు. 'యెన్, చ్యూ, షెంగ్, మింగ్' అను నాలుగక్షరములు వరుసగా ఉన్నవనుకొనుడు. 'యెన్‌చ్యూ' యనగా పరిశోధించుట. 'షెంగ్‌మింగ్' అనగా ప్రాణము. రెండును కలిసి ప్రాణమును గూర్చి పరిశోధించుట యని అర్థము. కాని మొదటి మూడక్షరములు కలిసిన 'యెన్‌చ్యూషెంగ్' అనునదియు పదమే. దానికి పరిశోధక విద్యార్థి యని అర్థము. నడిమి 'షెంగ్' ముందరిదానితో పోవునా, వెనుకటిదానితో పోవునా? ఇట్టి సందిగ్ధములలో చదువరి సామాన్యముగా ఎడమవైపు పదమును ముందుగా కూర్చుకొనుననియు, తరువాతి సందర్భము దానిని త్రోసిపుచ్చినచో మరలి వచ్చి విరుపు మార్చుకొనుననియు పరిశోధకులు చూపిరి. మనము పదచ్ఛేదమందుము, వారు పదవిభజన యందురు. పని యొక్కటే.

మరియొక విశేషము. చదువరికి చూపు నిలిచిన చోట ఎంతమేర స్పష్టముగా కనుపట్టునో కొలిచిరి. ఇంగ్లీషున ఎడమకు మూడు నాలుగక్షరములు, కుడికి పదునాలుగు పదునైదక్షరముల వరకు ప్రయోజనము కలదు. చీనాలిపిలో ఎడమకు ఒక్కటి, కుడికి రెండు మూడు మాత్రమే. గడచిన భాగమునుండి కంటికి అందునది మిక్కిలి స్వల్పము. కావున గడచినదానితో పని పడినపుడు స్మృతిని నమ్ముకొనవలెను, లేదా కంటిని మరల్చవలెను. మూడవ దారి లేదు.

ఇంత కష్టపడుటకంటె పదముల నడుమ ఎడము విడిచిన బాగుండును గదా? ఈ ప్రశ్నను కూడ వారు పరీక్షించిరి. 2008లో బై శ్వేజున్, సైమన్ లివర్సెడ్జ్, కీత్ రేనర్ ప్రభృతులు చీనావాక్యములను నాలుగు విధములుగా చూపి చదివించిరి: ఎడము లేక, అక్షరమునకొక ఎడముతో, పదమునకొక ఎడముతో, పదము కాని చోట ఎడముతో. పదమునకొక ఎడమున్నపుడు చదువు వేగిరపడలేదు, మందగింపనూ లేదు. అలవాటు లేని పద్ధతియైనను అలవాటైనదానితో సమముగా నడచినది. పదము కాని చోట ఎడమిచ్చినపుడు మాత్రము చదువు కుంటువడినది. మరి చీనాభాషను పరభాషగా నేర్చుకొనువారి సంగతి వేరు. 2012లో వెలువడిన పరిశీలనలో ఇంగ్లీషు, కొరియా, జపాను, థాయి భాషలవారైన విద్యార్థులకు పదముల నడుమ ఎడము స్పష్టముగా ఉపకరించినది. ఈ రెండు ఫలితములను పాఠకులు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. మన పాఠ్యపుస్తకముల ముద్రణ విషయమున వీనితో పని పడును.

మన తాళపత్రములకు వత్తము. ఆకుమీద గంటముతో వ్రాసినవాడు తీరుబడిగా ఎడమిచ్చుటకు తావులేదు. అంచునుండి అంచువరకు అక్షరములు నిండియుండును. 'నతేనకృతమ్' అని యున్నదనుకొందము. 'న తేన కృతమ్' అని విరిచినచో వానిచే చేయబడలేదని అర్థము. 'నతేన కృతమ్' అని విరిచినచో వినతుడైనవానిచే చేయబడినదని అర్థము. అక్షరము ఒక్కటియు మారలేదు, నిషేధము విధియైనది. ముందుకు పోయి సందర్భము చూచి మరలి రానిదే తీర్పు చెప్పలేము. తెనుగున చూడుడు: 'వానికలవికాని కార్యము'. చదువరి ముందుగా 'వాని కల' యని పట్టుకొనును. పిదప 'వికాని' యనునది నిలువక మరలివచ్చి 'వానికి అలవి కాని' యని విరుచుకొనును. షష్ఠిలోని 'కి' ఏమ్యాదులలోనిది కనుక దాని ఇకారమునకు సంధి వైకల్పికము. సంధి చేసినవాడు శాస్త్రవిరుద్ధముగా చేయలేదు. చీనావారి 'షెంగ్' అక్షరమునకు పట్టిన గతియే ఇచట 'క'కారమునకు పట్టినది.

లిపిలోనే వెనుచూపు నిక్షిప్తమైన సందర్భమును నేటి విద్యార్థులు మరచిరి. అదియే వలపలగిలక. పాత అచ్చులలోను ఆకులలోను 'ధర్మము' అని వ్రాయుటకు 'ధ' వ్రాసి, 'మ' వ్రాసి, దానికి కుడివైపున గిలక నుంచెడివారు. పలుకునపుడు రేఫము ముందు, మకారము తరువాత. కంటికి మకారము ముందు, రేఫము తరువాత. మకారము చూచినవాడు దానిని పలుకక గిలక చూచి, వెనుకకు వచ్చి, రేఫమును ముందుంచి పలుకవలెను. ప్రాకృత భాగములుగల దాక్షిణాత్య నాటకప్రతులలో మరియొకటి కలదు. హల్లునకు ముందు చిన్న సున్న యుంచి ఆ హల్లు ద్విత్వమని సూచింతురు. అలవాటు లేనివాడు దానిని అనుస్వారముగా చదివి ముందుకు పోయి, మాట పొసగక మరలివచ్చును. అలవాటైనవానికి ఈ రాకపోకలు తెలియనే తెలియవు.

పద్యము విషయమున మన పూర్వులు చదువరికి కొండగుర్తులు ఏర్పరచిరి. ఆకుమీద పద్యమును పాదములుగా విడదీసి వ్రాయరు. వృత్తపాదాంతమున మాట తెగక తరువాతి పాదములోనికి సాగుట తెనుగున సర్వసామాన్యము. పాదము ఎచట ముగిసినదో తెలుపునది ప్రాస. రెండవ అక్షరమున ఏ హల్లున్నదో మొదటి పాదమున చూచుకొని, మరల అదే హల్లు తగిన దూరమున కనబడినపుడు ఒక్కక్షరము వెనుకకు వచ్చి అచట పాదారంభమని గుర్తింతుము. యతి నడుమ మెట్టు. ఛందస్సును చెవికింపుగా మాత్రమే తలచువారు ప్రాసయతులకు గల ఈ దృష్టిప్రయోజనమును గమనింపలేదని నా తలంపు. అద్దంకి పండరంగని శాసనము ఇందులకు మేలైన సాక్ష్యము. తూర్పు చాళుక్యుడైన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు బోయకొట్టములను జయించిన విషయమును దెలుపు ఈ శాసనము క్రీ.శ. 848 నాటిదని చెప్పుదురు. రాతిమీద అక్షరములు గద్యమువలెనే వరుసగా చెక్కబడినవి, శిలాపంక్తి ముగియుచోట పద్యపాదము ముగియదు. ఐనను అందలి తరువోజను పండితులు గుర్తింపగలిగిరి. గణములు లెక్కించుచు, ప్రాసకొఱకు వెనుకకు, యతికొఱకు ముందునకు చూపు నడపిననే గదా అది తరువోజ యని తేలుట! ఒక్కదిక్కున మాత్రమే చదువు కన్నునకు అది నేటికిని గద్యముగానే యుండెడిది.

పదము విరిచినంతమాత్రమున పని ముగియదు. వాక్యార్థము కలదు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వాక్యార్థజ్ఞానమునకు హేతువులని తర్కసంగ్రహమున ఆంధ్రుడైన అన్నంభట్టు బోధించెను. పదములను విలంబము లేక ఉచ్చరించుట సన్నిధి. కాని కావ్యమున విశేషణమొకచోట, విశేష్యమొకచోట, క్రియ వేరొకచోట నుండును. చెవికి సన్నిధి చెడినచోట కన్ను దానిని కూర్చుకొనును. 'పీతాంబరః' అని చదువుచు 'పీతాంబర' వరకు వచ్చినవాడు పచ్చని వస్త్రమని తలచును. కడపట విసర్గ కనబడగనే, అంబరశబ్దము నపుంసకము కదా, ఇచట పుంలింగమేల యని మరలి చూచి, పచ్చని వస్త్రము గలవాడని బహువ్రీహి కట్టుకొనును. చివరి రెండు చుక్కలు మొదటి అక్షరమునుండి అర్థమును మార్చినవి.

గుంటూరు, ప్రకాశము సీమల విద్యార్థులకు దీనిని బోధించుట సుకరము. పత్తి ఒక్కమారు తీసి ముగించునది కాదని వారికి తెలియును. మొదటి తీతలో పగిలిన కాయలు తీసి, మరల కొన్నాళ్లకు అదే సాలున రెండవ తీతకు పోదురు, మూడవ తీతకు పోదురు. మొదటిమారు పోయినవారు కానక విడిచినందున కాదు, ఆనాటికి ఆ కాయ పగులలేదు. వాక్యమునందును కొన్ని పదములు క్రియ వచ్చువరకు పగులవు. ఈ మాట చెప్పిన తరువాత తరగతిలో మరల వివరింపవలసిన అగత్యము నాకు కలుగలేదు.

ఈ సీమకు వ్యాఖ్యానవిద్యలో గల స్థానము చిన్నది కాదు. కొండవీటి రెడ్డిరాజగు కుమారగిరి (1386–1402)కి మంత్రియు బావమరదియునైన కాటయవేముడు కాళిదాసు నాటకములకు కుమారగిరిరాజీయ మను వ్యాఖ్య రచించెను. తదుపరి పాలించిన పెదకోమటి వేమభూపాలుడు (1402–1420) అమరుకమునకు శృంగారదీపిక రచించెను. శ్రీనాథుడు విద్యాధికారిగా నుండినది ఇతని కొలువుననే. ఇంచుమించు ఆ కాలమువాడే యగు కోలాచల మల్లినాథసూరి, తాను సర్వమును అన్వయముఖముననే వ్యాఖ్యానించుచున్నానని ప్రతిజ్ఞ చేసెను. అన్వయముఖమనగా నేమి? శ్లోకమున పదములున్న వరుసను విడిచి, అర్థమునకు కావలసిన వరుసలో వానిని గ్రహించుట. కంటి భాషలో చెప్పవలెనన్న, ఎచటినుండి ఎచటికి చూపు పోవలెనో పదపదమునకు నిర్దేశించుట. వ్యాఖ్యను ముందిడుకొని మూలము చదువు విద్యార్థి చూపు ఒక దారివెంట నడపబడుచున్నది.

అన్వయము రెండు తెరగులు. దండాన్వయమున కర్త మొదలు క్రియ వరకు వచనక్రమమున పదములు పేర్చుదురు. ఖండాన్వయమున ముందుగా క్రియను పట్టుకొని, దానినుండి ప్రశ్నలు వేయుదురు. ఒక చిన్న వాక్యమును కల్పించి చూపెదను: 'మిత్రాయ ప్రేషయతి గ్రామాత్ నూతనం బాలకః పత్రమ్'. క్రియ 'ప్రేషయతి', రెండవ పదము. కః? బాలకః, అయిదవది. కిమ్? పత్రమ్, ఆరవది. కీదృశమ్? నూతనమ్, వెనుకకు నాలుగవది. ప్రక్కనే యున్నను 'బాలకః' దానికి విశేష్యము కానేరదు, లింగవిభక్తులు భిన్నములు. కస్మై? మిత్రాయ, వెనుకకు మొదటిది. కుతః? గ్రామాత్, మరల మూడవది. ఆరుపదముల వాక్యమున చూపు ఇన్ని మారులు మరలినది. ఒక్కటియు వ్యర్థము కాదు, ప్రతి గంతునకును ఒక ప్రశ్న కారణము. పాఠశాలలో మా గురువులు శ్లోకము చదివించి ఊరకుండెడివారు కారు. 'కః? కిమ్?' అని అడుగుచు, మేము పదమును నోట చెప్పకముందే వ్రేలితో గ్రంథమున చూపవలెనని నిర్బంధించెడివారు. కంటిచూపు ప్రశ్నవెంట పోవుటకు అది గొప్ప సాధన. ఫ్రేజియర్, రేనర్ యంత్రములతో కనుగొన్న 'సరియైన చోటికి మరలుట' ఇట్లే అలవడును.

ఇచట ఒక హెచ్చరిక. ఇదంతయు మనవారికి ముందే తెలియునని చాటుకొనుట నా అభిమతము కాదు. కంటి నిలుకడ పావుసెకనని మన గ్రంథము లేవియు చెప్పలేదు, చెప్పవలసిన పనియు వానికి లేదు. సింహావలోకన న్యాయమును కూడ కొందరు తొందరపడి ఇందులకు ఉదాహరింతురు. అది సూత్రములయందు అధికారము ప్రసరించు తీరులలో నొకటి: గంగాప్రవాహము, మండూకప్లుతి, సింహావలోకితము. అది శాస్త్రరచనకు చెందినది, చదువరి కనుగ్రుడ్డుకు చెందినది కాదు. ఘనపాఠమునకును ఇదియే సమాధానము. అందు కంఠము ముందునకు వెనుకకు పోవుట నియతము, అర్థముతో నిమిత్తము లేదు. అక్షరరక్షణమే ప్రయోజనము. పోలిక కనబడినచోటనెల్ల ఏకత్వము చెప్పరాదు.

పోలిక నిజముగా నిలుచునది జపానుదేశమున కలదు. చీనావాక్యమున క్రియ ముందు, కర్మ వెనుక. జపాను భాషలో మన తెనుగునందువలెనే కర్మ ముందు, క్రియ తుదిని. చీనావారు 'చదువు, పుస్తకము' అను క్రమమున వ్రాసినదానిని జపానువారు 'పుస్తకమును చదువు' అని తమ భాషలో పలుకవలెను. అందులకై వారు చీనామూలమును మార్చక, దాని ప్రక్కన చిన్న గుర్తులు చేర్చిరి. వీనిని కయేరితెన్ అందురు, మరలు గుర్తులని అర్థము. 'రే' అను గుర్తు ఉన్నచో తరువాతి అక్షరమును ముందు చదివి ఒక్కక్షరము వెనుకకు రావలెను. అంతకంటె దూరము మరలవలసినచో ఒకటి, రెండు, మూడు అను అంకెలు వేయుదురు. అంకెల పరిధిని దాటి మరలవలసినచో పై, నడుమ, క్రింద అను అర్థముగల అక్షరములు వేయుదురు. వెయ్యేండ్లకు పైబడిన పద్ధతి యిది, నేటికిని జపాను ఉన్నతపాఠశాలలలో బోధింపబడుచున్నది. వెనుచూపును లోపముగా నెంచక, దానికొక లిపినే కల్పించిన జాతి యది.

ఈ కథలో మన కృష్ణాతీరమునకును పాలు కలదు. శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివెట్టిన ఆచార్య నాగార్జునుని మధ్యమక కారికలను కుమారజీవుడు 409లో చీనాభాషలోనికి తెచ్చెను. నాగార్జునుని పేర వ్యవహరింపబడు మహాప్రజ్ఞాపారమితా శాస్త్రమును అంతకు కొలది యేండ్ల ముందు ఆతడే అనువదించెను. జపానున ఇషియామా దేవాలయమునకు చెందిన ఆ శాస్త్రపు ప్రతి, భిక్షువులు చేర్చిన పఠనచిహ్నములకు విద్వల్లోకమున ప్రసిద్ధము. మన సంస్కృతప్రతులలోను కొన్నిట పదములమీద అంకెలు వేసి అన్వయక్రమమును సూచించుట కలదు. సంస్కృతమునకు మనము అంకెలు వేసితిమి, చీనామూలమునకు వారు అంకెలు వేసిరి. రెండుచోట్లను చదువరి మాతృభాషలో క్రియ తుదినుండుటయే, నా అభిప్రాయమున, ఈ సామ్యమునకు ముఖ్యకారణము. క్రియ తుదినుండు భాషలవారు దానికొఱకు వేచియుండుటకు అలవడుదురు, అది వచ్చిన పిదప దూరముగా విడిచిన పదములను కూడగట్టుకొందురు. హిందీపఠనమున దృష్టిగతులను పరిశీలించి 2015లో సమర్ హుసేన్ ప్రభృతులు ప్రకటించిన వ్యాసమునందును, పదములను కూడగట్టుట, రాబోవు పదమునకై ఎదురుచూచుట రెండును పఠనభారమునకు కారణములుగా చూపబడినవి.

పూర్వపక్షము మిగిలియున్నది. వెనుచూపు లేక చదివినచో కాలము కలిసివచ్చును గదా? 2014లో స్ప్రిట్జ్ అను సాధనము ఇట్టి ఆశతోనే ప్రచారమునకు వచ్చినది. తెరమీద ఒకేచోట ఒక్కొక్క మాట మెరసి మాయమగును, కన్ను కదలనక్కరలేదు, వెనుకకు పోవుటకు తావే లేదు. అదే సంవత్సరము ఎలిజబెత్ షాటర్, ర్యాండీ ట్రాన్, కీత్ రేనర్ దీనికి సమాధానమనదగిన ప్రయోగము ప్రకటించిరి. చదువరి చూపు ఒక మాటను దాటగనే ఆ మాట స్థానమున అర్థములేని అక్షరములు వచ్చునట్లు చేసిరి. వెనుకకు చూచినను ఏమియు తెలియదు. వాక్యార్థగ్రహణము తగ్గినది. సందిగ్ధవాక్యములలో మాత్రమే కాదు, సందేహము లేని వాక్యములలోను తగ్గినది. అట్టముక్కతో పంక్తులు కప్పించు ఉపాధ్యాయుడు తన విద్యార్థులమీద ప్రతిదినము ఈ ప్రయోగమే చేయుచున్నాడు.

ప్రాచ్యకళాశాలలలో అట్టముక్కకు బదులు ప్రశ్నోత్తరదీపికలు వచ్చినవి. వానియందు శ్లోకము క్రింద ప్రతిపదార్థము అన్వయక్రమముననే సిద్ధముగా నుండును. విద్యార్థి దానిని పైనుండి క్రిందికి చదివి కంఠస్థము చేయును. మూలమువంక చూడవలసిన పని లేదు, చూచినను ఏ పదము ఎచటనున్నదో తెలియదు. భాషాప్రవీణ పరీక్షలనాడు తెలియని శ్లోకమిచ్చి అన్వయము చెప్పుమనినచో చెప్పగలవారు తరగతికి పలువురుండెడివారు. నేడు చదివిన శ్లోకమునకే పదములను మూలమున గుర్తింపలేనివారిని చూచుచున్నాము. బుద్ధి తగ్గినదనుట అన్యాయము. చూపునకు దారి నేర్పలేదు.

ముద్రణ విషయమున ఒక మాట. పదములు విడదీసి అచ్చువేయవలెనా, సంధులతో కలిపి వేయవలెనా యను వివాదము మనలో చిరకాలముగా కలదు. విడదీయుట మూలమునకు అపచారమని ఒకరు, కలిపి వేయుట విద్యార్థికి హింస యని మరియొకరు. చీనాపరిశోధనల ఫలితములు రెండును ఇచట ఉపకరించును. క్రొత్తగా నేర్చువారికి ఎడము మేలు చేయును, నేర్చినవారికి మేలును లేదు, కీడును లేదు. కావున ప్రవేశతరగతుల పుస్తకములలో పదచ్ఛేదము చేసి వేయుట యుక్తము. రెండవ యేట ఒకే శ్లోకమును రెండు విధములుగను వేయవచ్చును. తుది తరగతులలో మూలము యథాతథముగానే యుండవలెను, లేనిచో లిఖితప్రతులు చదువగలవారే మిగులరు. తప్పుచోట ఎడమిచ్చుట అన్నిటికంటె హానికరమని ఆ ప్రయోగముననే తేలినది గనుక, అచ్చుచిత్తులు దిద్దువారు అజాగ్రత్తగా విరిచిన పదములను ముద్రారాకక్షసమని నవ్వి విడువరాదు.

పరీక్షాపత్రముల విషయమున నా సూచన స్వల్పము. ప్రతిపదార్థము వ్రాయుమను ప్రశ్నకు తోడు, అపరిచితశ్లోకమొకటి అచ్చువేసి, పదములమీద అన్వయక్రమమున అంకెలు వేయుమని అడుగవలెను. కాటయవేముని వ్యాఖ్యలనుండి కాని శృంగారదీపికనుండి కాని మూలమును గ్రహించినచో సరిచూచుటకు వ్యాఖ్యయే ఆధారముగా నుండును. కాగితమునకు అయిదు నిమిషములు చాలును. దిద్దువానికి శ్రమ తక్కువ. రెండు విధములుగా అన్వయింపదగిన శ్లోకమైనచో రెండు అంకెల వరుసలకును మార్కులీయవలెను.